ఇల్లు తిరిగిందా, నువ్వు తిరిగినవా?

ఈ పొద్దున పక్కింట్లోంచి బీట్‌రూట్ ఉడుకుతున్న వాసన వచ్చింది. తడిసిన మట్టిలో బెల్లం కలిపినట్టుండే ఆ వాసన నాకు బొత్తిగా పడదు. ఒకప్పుడు నెలల తరబడి ఆ రసాన్ని ముక్కు మూసుకుని తాగినదాన్ని. అయినా ఇవాళ కిటికీ మూయలేదు. టీ పొంగిపోతున్న ధ్యాస కూడా లేకుండా పొయ్యి దగ్గర నిలబడి నవ్వుకున్నాను. పక్క గదిలో ఇప్పుడుంటున్నది మౌనిక, ఆ ఇంటికి కొత్త కోడలు. పోయిన దసరా తర్వాత పరీక్ష చేయిస్తే ఆ పిల్లకు రక్తం తక్కువని తేలింది. డాక్టరు మాత్రలు రాశాడు, వాటికి తోడుగా వాళ్ళత్త బీట్‌రూట్ మొదలుపెట్టింది. ఆ దుంప ఇన్నేళ్ళకు చేరవలసిన మనిషికి చేరింది. అదే గదిలో, అదే పొయ్యి మీద నా కోసం ఉడికిన రోజుల్లో మాత్రం అది దారి తప్పి వచ్చింది. అప్పుడు ఉడికించింది బాలవ్వ పెద్దమ్మ.

బాలవ్వ నాకు చుట్టం కాదు. మాది జగిత్యాల వైపు పల్లె, ఆమెది ఆర్మూరు వైపు. సూరత్‌కు వచ్చి పర్వత్ పాటియాలో ఒకే బిల్డింగులో పక్కపక్క గదుల్లో పడడంతో పెద్దమ్మ అయింది. మా బిల్డింగులో మగవాళ్ళు చాలామంది సాంచాల మీద పనిచేస్తారు. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. ఆడవాళ్ళం ఇంట్లో కూర్చుని ధాగా కటింగ్ చేస్తాం. మార్కెట్ నుంచి మూటలుగా వచ్చే చీరల వెనకవైపు వేలాడే దారాలను కత్తిరించడం అన్నమాట. బాలవ్వదీ అదే పని, కానీ ఆమెకు చేతులకన్నా నోరు ఎక్కువ ఆడేది. చాడీలు కాదు, ప్రశ్నలు. కూరగాయల బండివాడిని ఆపి "గోబిపువ్వు గంత తెల్లగ ఎట్లుంటది, దానికి ఎండ దాకదా?" అని అడిగేది. మేడమీది గుజరాతీ ముసలాయనను "మీరు పప్పుల చక్కెరెందుకు ఏస్తరు?" అని అడిగి, ఆయన విసుక్కుంటే ఇంకో రోజు మళ్ళీ అడిగేది. పిల్లలు ఆమెకు వకీలవ్వ అని పేరు పెట్టారు. భర్త పోయి చాలాకాలమైంది, కొడుకు దగ్గర ఉండేది. తెలియనిదాన్ని తెలియదని చెప్పడానికి ఆమెకు సిగ్గన్నది లేదు. నిజం చెప్పాలంటే మొదట్లో నాకు ఆమె అంటే తలనొప్పిగా ఉండేది. అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పి తలుపేసుకునేదాన్ని.

నాకు కళ్ళు తిరగడం ముప్పై దాటాక మొదలైంది. తల వంచుకుని దారాలు కత్తిరించి, ఒక్కసారి లేచానంటే ఎదుటి గోడ పక్కకు జరిగేది. తల బరువుగా ఉండేది. వేడినీళ్ళు పోసుకుంటే ఒళ్ళంతా ఒకటే దురద. ఎవరికీ చెప్పలేదు. ఆడదానికి కళ్ళు తిరిగితే మావాళ్ళకు తెలిసిన అర్థాలు రెండే. నెల తప్పిందని ఒకటి, ఇంట్లో సరిగ్గా తిండి పెట్టడం లేదని ఇంకొకటి. మొదటిది కాదని నాకు తెలుసు, రెండోది మా ఆయనకు చెడ్డపేరు. అలా దాచుకుంటూ ఉండగా ఒక మధ్యాహ్నం చీరల మూట ఎత్తుకుని వస్తూ వరండాలో కూలబడ్డాను. అందరూ చుట్టూ మూగారు. ఒకరు నీళ్ళు చల్లమన్నారు, ఒకరు ఉల్లిగడ్డ వాసన చూపించమన్నారు. బాలవ్వ మాత్రం నా ఎదురుగా గొంతుక్కూర్చుని నా కళ్ళలోకి చూస్తూ అడిగింది.

"ఇల్లు తిరిగిందా, నువ్వు తిరిగినవా?"

"ఏంది పెద్దమ్మా?"

"అదేనే. గోడలు తిరిగినయా, లేకుంటె గోడలు ఆడనే ఉండి నీ తలకాయ తిరిగిందా? కుడికా, ఎడమకా?"

నాకు ఒళ్ళు మండింది. పడిపోయిన మనిషిని అడిగే మాటేనా ఇది! కానీ అడిగాక ఊరుకోలేం కదా, ఆలోచనలో పడ్డాను. గోడలే తిరిగాయి. ఎడమకే తిరిగినట్టున్నాయి. కాదు, ముందు వరండా కటకటాలు జరిగాయి, తర్వాత గోడ. ఆ సంగతి చెప్పడం పూర్తయ్యేసరికి తిరగడం ఆగిపోయింది. గుండెదడ కూడా తగ్గింది. బాలవ్వ తల ఊపి, ఏదో పెద్ద రహస్యం దొరికినట్టు మురిసిపోయింది.

మురిసి ఊరుకుంటే బాగుండేది. "నెత్తురు లేదు పొల్లకు" అని తీర్పు చెప్పింది. బిల్డింగు బిల్డింగంతా ఔనంది. ఆ రోజు నుంచి బీట్‌రూట్ రసం, మేక కార్జం వేపుడు, ఖర్జూరాలు, మెడికల్ షాపులో అడిగి తెచ్చిన రక్తం గోలీలు. బాలవ్వ గ్లాసుతో వచ్చి నేను తాగేదాకా గుమ్మంలో నిలబడేది. కొన్నాళ్ళకు నా మొహం ఎర్రబడింది, అరచేతులు కూడా. "సూడుండ్రి, ఎట్ల నిగనిగలాడుతుందో! నెత్తురు పట్టింది" అని నన్ను వరండా అంతా తిప్పి చూపించింది. కళ్ళు తిరగడం మాత్రం ఎక్కువైంది. దానికీ ఆమె దగ్గర కారణాలు ఉండేవి. ఫ్యాను తిరిగేది చూస్తూ పడుకుంటున్నానని కొన్నాళ్ళు ఫ్యాను బంద్ చేయించింది. సూరత్ ఎండాకాలంలో ఫ్యాను లేకుండా! అది తప్పని తేలాక "ఫ్యాను గాదు, నేనే ఎడ్డిదాన్ని" అని తనే వచ్చి స్విచ్చి వేసింది.

చివరికి ఒకరోజు మెట్ల మీద నుంచి దొర్లాను. ముందుపన్ను విరిగింది. మా ఆయన సెలవు పెట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. బాలవ్వ అడగకుండానే చెప్పులు వేసుకుని ఆటో ఎక్కింది. పరీక్షల మీద పరీక్షలు జరిగాక ఒక లేడీ డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి హిందీలో మెల్లగా చెప్పింది. నాకు రక్తం తక్కువ కాదు, ఎక్కువ. ఎముకల లోపలి గుజ్జు అవసరానికి మించి రక్తకణాలను తయారుచేస్తోంది. అందుకే రక్తం చిక్కబడింది. అందుకే కళ్ళు తిరగడం, దురద, మొహం మీద ఆ ఎరుపు. దీన్ని పాలీసైథీమియా అంటారు. పూర్తిగా పోయే జబ్బు కాదు, కానీ అదుపులో పెట్టుకోవచ్చు. మాత్రలు వాడాలి, అప్పుడప్పుడు సంచీడు రక్తం తీయించుకోవాలి. రక్తం గోలీలు మాత్రం వెంటనే మానేయాలి.

మా ఆయన మొహం పాలిపోయింది. బాలవ్వ నోరు తెరుచుకుని వింటోంది. తర్వాత నెమ్మదిగా అంది. "తక్కువైతె తిరుగుతయి సరే. ఎక్కువైతె గూడ తిరుగుతయా, డాక్టరమ్మా?" నేను హిందీలో అడిగితే, తిరుగుతాయని డాక్టరు అంది. "అగో! గంజి లెక్కనన్నట్టు! నూలుకు గంజి పల్చగైతె పోగు తెగుతది, చిక్కగైతె పోగు నడువది." డాక్టరుకు తెలుగు రాదు. అదీ నేను హిందీలో చెబితే నవ్వి, సుమారుగా అంతేనంది. ఆ తర్వాత బాలవ్వ నా వైపు తిరిగింది. "తప్పు జేసిన బిడ్డా. దూప గొన్నోనికి నీళ్ళిచ్చినట్టు అనుకున్న గని, మునిగెటోని మీద బిందె గుమ్మరించిన" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరుక్షణమే కొంగుతో తుడుచుకుని, "డాక్టర్‌సాబ్, తీసిన ఖూన్ ఎక్కడ పోస్తరు?" అని అడిగింది. పారేస్తామని తెలిసి అయ్యో అయ్యో అని కొట్టుకుంది. తన కరివేపాకు చెట్టుకన్నా ఇవ్వమని అడగబోతుంటే మా ఆయన చేయి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

ఇంటికి వచ్చాక నవ్వు మిగల్లేదు. రెండు రోజుల తర్వాత మా ఆయన ఒకటే మాట అన్నాడు. "దసరా ఎల్లినంక నిన్ను ఊర్ల అమ్మ దగ్గర దించొస్త. నేను పన్నెండు గంటలు కార్ఖానల ఉంట. గీ మెట్లు, గీ పొయ్యి. నువ్వు పడితె ఎవడు సూడాలె?" కోపంతో అన్న మాట కాదు, భయంతో అన్నది. అదే నాకు ఎక్కువ బాధయింది. కోపమైతే గొడవ పడొచ్చు. మా అమ్మాయి శ్రావణి అప్పుడు ఎనిమిదో తరగతి. ఇక్కడి బడి, ఇక్కడి స్నేహితులు, తెలుగు చదవడం రాదు. అంటే నేనొక్కదాన్నే పోవాలి, అది తండ్రితో ఇక్కడ ఉంటుంది. నా బిడ్డకు జడ వేసేది ఎవరు? బస్సులో నాకు సీటు కూడా చెప్పేశాడు.

బాలవ్వకు ఈ సంగతి చెప్పి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. "పడుడు ఎందుకైతుందో సూద్దాం పా" అంది. అప్పటి నుంచి నా కళ్ళు తిరగడం ఆమెకు ఒక పని అయిపోయింది. ఎప్పుడు తిరిగింది, అంతకుముందు ఏం చేశాను, ఎటు చూస్తున్నాను, ఇల్లు తిరిగిందా, నేను తిరిగానా. మొదట ఆమె కోసం గమనించాను, తర్వాత నాకే ఆసక్తి పుట్టింది. భయపడుతూ ఎదురుచూడడం వేరు, ఏమవుతుందో చూద్దామని ఎదురుచూడడం వేరు. కూర్చుని లేచేటప్పుడు వచ్చేది ఒక రకం, దానికి ముందు కళ్ళముందు నల్లటి చుక్కలు వస్తాయి. రక్తం తీయించుకున్న రోజు వచ్చేది ఇంకో రకం, అందులో గోడలు కదలవు, నేనే గాల్లో తేలుతాను. ఎప్పుడూ చెప్పకుండా రాదు. గుమ్మం దగ్గర దగ్గి లోపలికి వచ్చే చుట్టంలాగా ముందే చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వినడం నేర్చుకున్నాను. డాక్టరు నీళ్ళు బాగా తాగమంది, నెమ్మదిగా లేవమంది. లేచే ముందు పాదాలు ఆడించడం, ఒక మోకాలి మీద కాసేపు ఆగడం మేమిద్దరం కలిపి పెట్టుకున్న పద్ధతి. నేను చెంబెత్తి గటగటా తాగుతుంటే బాలవ్వ కసిరేది. "పరుగెత్తి పాలు తాగుడుకన్న నిలబడి నీళ్ళు తాగుడు మేలని పెద్దలు జెప్పిండ్రు. నువ్వు నిలబడి గూడ తాగకు, కూసొని తాగు!"

ఆ మధ్యలో ఒక ఆదివారం డుమస్ బీచికి పోయాం, మా ముగ్గురితో పాటు బాలవ్వ. మా ఆయన, శ్రావణి టమాటా భజియాల బండి దగ్గర నిలబడ్డారు. నేనూ బాలవ్వా చీరలు ఎత్తిపట్టుకుని నీళ్ళ అంచుకు పోయాం. అక్కడి ఇసుక నల్లగా ఉంటుంది. ఒక అల వచ్చి మా పిక్కలు తడిపి వెనక్కి పోతోంది. కాళ్ళకింద ఇసుక జారుతోంది. ఉన్నట్టుండి బాలవ్వ కేక పెట్టి నా భుజం పట్టుకుంది.

"అగో! అగో! నన్ను గుంజుకపోతుందే!"

"నువ్వు ఏడికీ పోలేదు పెద్దమ్మా. నీళ్ళు పోతున్నయి. కాళ్ళకాడ సూడకు, దూరంగ ఆ పడవను సూడు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత నిబ్బరంగా వచ్చిందో నాకే ఆశ్చర్యం. ఆమె పడవను చూసింది. ఊపిరి కుదుటపడింది. ఆమె గోళ్ళు నా భుజంలో ఇంకా దిగే ఉన్నాయి.

"గిట్లనా నీకు రోజూ?"

"గిట్లనే."

"గింత భయమైతదని నాకు తెల్వదు బిడ్డా. ఊకె అడుగుకుంట పోయిన" అంది. నా భుజం వదిలి, గోళ్ళ గుర్తులను వేలితో తడిమింది.  ఇక పోదామా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. "జర ఆగు. ఇంకొక్క అల రానియ్యి. ఈసారి ఎటు తిరుగుతదో సూస్త."

దసరా దగ్గరపడింది. మా బిల్డింగుల మధ్య ఖాళీ జాగాలో ఏటా బతుకమ్మ ఆడతాం. ఇక్కడ తంగేడు దొరకదు. ఊరి నుంచి బస్సులో ఎవరో గునుగుపూలు తెస్తారు, మిగతాది బంతిపూలతో నెట్టుకొస్తాం. పక్క సొసైటీలో గుజరాతీల గర్బా, స్పీకర్లు అదిరిపోతుంటాయి. "గీ పండుగకు సూరత్ల అందరు తిరుగుడే" అని బాలవ్వ నన్ను ఏడిపించేది. "నీకొక్కదానికి ముందుగాల్నే అలవాటైంది." నేను మాత్రం ఆడనని చెప్పేశాను. గుండ్రంగా తిరగడం, వంగడం, చప్పట్లు కొట్టడం, మళ్ళీ వంగడం. నాలాంటిదానికి అంతకన్నా చెడ్డ ఆట ఉంటుందా! పైగా మగవాళ్ళంతా గోడవారగా నిలబడి చూస్తారు. మా ఆయన కళ్ళముందు పడిపోయానంటే బస్సు సీటుకు నేనే ముద్ర వేసినట్టు. సద్దుల బతుకమ్మ సాయంత్రం బాలవ్వ పట్టుచీర కట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పడుత పెద్దమ్మా."

"పడకముందే కూసో. పడ్డదానికి, కూసున్నదానికి మస్తు ఫరకుంటది."

"అందరు ఆడుతుంటె నడిమిట్ల కూసుంటరా ఎవలన్నా? ఆట ఆగుతది. అపశకునమంటరు."

"అంటరా? ఎందుకంటరో నాక్కూడ తెల్వాలె. పా, సూద్దాం."

పాటలు ఎత్తుకునేది బాలవ్వే. నేను ఆమె వెనక నిలబడ్డాను. కొన్ని చుట్లు బాగానే తిరిగాను. పూల వైపు చూడకుండా ముందు నడుస్తున్న ఆమె వీపు మీద చూపు పెట్టాను. పక్కనుంచి గర్బా దరువు మా పాటను తొక్కేస్తుంటే అందరూ గొంతు పెంచి, వేగం కూడా పెంచారు. నల్ల చుక్కలు వచ్చాయి. చుట్టం గుమ్మంలో దగ్గాడు. కూర్చోవాలి. ఇంతమందిలో ఎలా కూర్చోను? గోడ దగ్గర మా ఆయన చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నాడు. ఇంకొక్క చుట్టు, ఒక్క చుట్టు అనుకున్నాను. బంతిపూల పసుపు ఎడమకు జరిగింది. అప్పుడు మెట్ల మీద విరిగిన పన్ను గుర్తొచ్చింది, శ్రావణి జడ గుర్తొచ్చింది. పోతే పోయింది పరువు అనుకుని, ఉన్నచోటే కూర్చుండిపోయాను.

నా వెనకామె తట్టుకోబోయి ఆగింది. వలయం తెగింది. ఎవరో "అయ్యో, ఏందిది!" అన్నారు. మా ఆయన రెండడుగులు ముందుకు వేశాడు. బాలవ్వ వెనక్కి తిరిగి చూసింది. పాట ఆపలేదు. పాడుతూనే, పట్టుచీర దుమ్ములో పడుతున్నా చూసుకోకుండా, నా పక్కన కూర్చుని చప్పట్లు మొదలుపెట్టింది.  తర్వాత ఎదురుగా ఉన్న మా బిల్డింగు సత్తవ్వ కూర్చుంది. ఆమె పక్కనామె మోకాళ్ళ నొప్పులంటూ కూర్చుంది. ఇంకొకామె ఏమీ అనకుండానే కూర్చుంది. చూస్తుండగానే వలయం మొత్తం నేలమీదికి దిగింది, ఎవరో ఒకరు ముందు కూర్చుంటే బాగుండునని అందరూ ఎప్పటినుంచో అనుకుంటున్నట్టు. పాట మొత్తం కూర్చునే పాడాం. లేచేటప్పుడు బాలవ్వ చెయ్యెత్తింది. "ఎవ్వలు దబ్బున లేవకుండ్రి! ముందు పాదాలాడియ్యుండ్రి. ఒక మోకాలు. జర ఆగుండ్రి. ఇగ లేవుండ్రి." అంతమంది ఆడవాళ్ళు పడీపడీ నవ్వుతూ నా పద్ధతిలో లేచారు. నేను లేచాను. గోడలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద పంచుకుంటుంటే అసలు సంగతులు బయటపడ్డాయి. సత్తవ్వకు ఏడాదిగా కళ్ళు తిరుగుతున్నాయట. కిందింటి లావణ్యకు నీళ్ళు మోసేటప్పుడు చీకట్లు కమ్ముతాయట. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, నాలాగే. బాలవ్వకు పండుగ మీద పండుగ. ఒక్కొక్కరి ముందు కూర్చుని, ఇల్లు తిరిగిందా, నువ్వు తిరిగినవా అని మొదలుపెట్టింది. ఈసారి మాత్రం ఎవరికీ బీట్‌రూట్ ఇవ్వలేదు. "ముందు సూపిచ్చుకోవాలె, తర్వాతే తినాలె" అని అందరినీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి దండెత్తింది. పరీక్షల్లో చాలామందికి రక్తం తక్కువే. నా ఒక్కదానికే ఎక్కువ. "గీమెది పారబోసెటిదేదో గీళ్ళకు పొయ్యరాదా?" అని బాలవ్వ డాక్టరును బతిమాలింది. జబ్బు మనిషి రక్తం ఇంకొకరికి ఎక్కించరని డాక్టరు ఓపిగ్గా చెప్పింది. బాలవ్వ ఒప్పుకుంది కానీ, చివరిదాకా ఆమెకు ఆ సంగతి మింగుడుపడలేదు.

సద్దుల మర్నాడు మా ఆయన బస్సువాళ్ళకు ఫోన్ చేసి సీటు వద్దన్నాడు. నేను వింటూ పక్కనే నిలబడ్డాను. ఫోన్ పెట్టి, "నువ్వు పడుతవనే భయపడ్డ. నీకు కూసునుడు వస్తదని నాకు తెల్వలేదు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. పక్క గదిలో బాలవ్వ గోడకు చెవి పెట్టుకునే ఉంటుందని తెలుసు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

బాలవ్వ పోయి కొన్నేళ్ళయింది. జ్వరం వచ్చి, న్యుమోనియాగా మారి, ఆసుపత్రిలోనే పోయింది. ఆక్సిజన్ పెట్టిన నర్సును, అందులోకి గాలి ఎక్కడినుంచి వస్తుందని సైగలతో అడుగుతుంటే నేను పక్కనే ఉన్నాను. ఆమె లేకపోవడం నాకు ఇప్పటికీ మామూలు విషయం కాలేదు. ఏదైనా కొత్త సంగతి తెలిస్తే ముందు ఆ గోడ వైపే చూస్తాను. నా జబ్బు నాతోనే ఉంది, మాత్రలున్నాయి, అప్పుడప్పుడు సంచీడు రక్తం ఇచ్చి వస్తాను. కళ్ళు ఇప్పటికీ తిరుగుతాయి. తిరిగినప్పుడల్లా ఎటు అని చూస్తాను.

మా బతుకమ్మలో కూర్చోవడం ఇప్పుడు ఆటలో భాగమైపోయింది. ఒక పాట నడుమ ఎవరో ఒకరు కూర్చుంటారు, అందరూ కూర్చుంటారు, పాదాలు ఆడించి నెమ్మదిగా లేస్తారు. ఇక్కడే పుట్టిన పిల్లలు "యే బైఠ్‌నే వాలా, గీ కూసునుడు, మన ఊర్ల కూడా ఉంటదా?" అని అడిగితే, సత్తవ్వ తడుముకోకుండా "తాతల కాలంనుంచి గిట్లనే" అంటుంది. పోయిన దసరాకు నాకు ఏమీ తిరగలేదు, ఒళ్ళు తేలిగ్గా ఉంది. కానీ ఎదురుగా కొత్త కోడలు మౌనిక పెదవులు తెల్లబడి, అడుగు తడబడుతూ, పళ్ళు బిగబట్టి నవ్వుతోంది. ఆ నవ్వు నాకు తెలుసు. చటుక్కున కూర్చున్నాను. అలవాటు ప్రకారం వలయమంతా కూర్చుంది, ఆ పిల్లా కూర్చుంది. పాట సాగుతుండగా మెల్లగా జరిగి ఆమె పక్కకు చేరాను. ఆమె కళ్ళనిండా నీళ్ళు. అత్త చూస్తుందేమోనని అటే చూస్తోంది.

"ఇల్లు తిరిగిందా, నువ్వు తిరిగినవా?" అని అడిగాను.

ఆ పిల్ల తెల్లబోయి నన్ను చూసింది. తర్వాత కనుబొమలు ముడిచి, చుట్టూ ఉన్న బిల్డింగులను ఒక్కొక్కటిగా చూసింది. ఏడుపు సంగతి మరిచిపోయింది.

"ఏమో అక్కా, సూస్కోలేదు. జర ఆగు, మల్ల వస్తె సూసి చెప్త" అంది.